సాఫీ మేడమూ, కిటికీ పక్కమ్మాయీ

మనిషికి మనిషి ఎదురుపడితే లోకం "బాగున్నారా?" అంటుంది. కాస్త చనువుంటే "భోజనమైందా?" అంటుంది. నర్సింగు కాలేజీలో రోగి పరీక్ష పాఠం చెప్పే పెద్ద ట్యూటరు మాత్రం ఈ రెండూ దండగ ప్రశ్నలని ఏనాడో తేల్చేసుకుంది. ఎవరు ఎదురుపడినా, ఎక్కడ ఎదురుపడినా, ఆవిడ నోట వచ్చే మొదటి మాట ఒక్కటే: "సాఫీగా అయిందా?"

ఏది, అని అడక్కండి. అడిగితే విడమర్చి చెబుతుంది, అది ఇంకా ప్రమాదం. భోజనం సంగతి అడిగితే లోపలికి వెళ్ళినదాని కబురే తెలుస్తుందనీ, బయటికి రావలసినదాని గురించి పట్టించుకునే నాథుడు ఈ లోకంలో లేడనీ ఆవిడ బాధ. అందుకని ఆ నాథుడి పని తనే నెత్తిన వేసుకుంది. కాలేజీ మొత్తం ఆవిడని సాఫీ మేడం అనేది. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టేవాడు. ఆవిడ తిరిగి సెల్యూట్ కొట్టదు. "అయిందా?" అనేది. "అయింది మేడం!" అని అతను మిలటరీ జవాబిచ్చేవాడు. రోజూ జవాబు చెప్పుకోవలసిన పని కాబట్టి, ఆవిడ వచ్చేలోపలే పని ముగించుకోవడం అతనికి అలవాటైపోయింది. "మేడం సెలవు పెడితే నా పొట్ట కూడా సెలవు పెడుతోంది" అని ఒకసారి ఫిర్యాదు చేశాడు.

మరోసారి పైనుంచి ఒక తనిఖీ అధికారి వచ్చాడు. ప్రిన్సిపాలుతో సహా అందరూ చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ, "ఏమ్మా, కాలేజీ సాఫీగా నడుస్తోందా?" అన్నాడు. ఆ మాట సాఫీ మేడం దగ్గర అనకూడదని పాపం ఆయనకెవరు చెబుతారు? "కాలేజీకేం, భేషుగ్గా నడుస్తోంది. మీ మొహం చూస్తుంటే మీకే నడుస్తున్నట్టు లేదు" అంది. ప్రిన్సిపాలు గోడ పట్టుకుంది. అధికారి ఎర్రబడ్డాడు, తెల్లబడ్డాడు, ఆ తరవాత "మీతో ఒక్క నిమిషం" అని ఆవిడని పక్క గదిలోకి తీసుకెళ్ళాడు. ఆ నిమిషం టీలు చల్లారేదాకా సాగింది. బయటికొచ్చి, తనిఖీ సంగతే మరిచిపోయి, నీళ్ళ సీసా ఒకటి తెప్పించుకుని, దారిపొడుగునా తాగుతూ వెళ్ళిపోయాడు.

ఈ కథలన్నీ విని కాలేజీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. నవ్వలేనిది ఒక్క చిట్టి. ఎందుకంటే సాఫీ మేడం చిట్టికి స్వయానా పెద్దమ్మ, వాళ్ళమ్మకి తోడబుట్టిన అక్క.

కాలేజీలో చేరిన రోజే చిట్టి పెద్దమ్మ ఇంటికి వెళ్ళి బతిమాలుకుంది. "పెద్దమ్మా, నేను నీ చెల్లెలి కూతుర్నని అక్కడ ఎవరికీ చెప్పకేం."

"ఎందుకే?"

"మార్కులు ఊరికే వేస్తున్నావనుకుంటారు."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పెద్దమ్మ చిట్టి మొహంలోకి ఓసారి చూసి, "సరేలే, చెప్పను" అంది. ఆ తరవాత అలవాటు ప్రకారం, "సాఫీగా అయిందా?" అంది.

"పెద్దమ్మా!"

"ఇల్లేగా ఇది?"

కొన్నాళ్ళు గుట్టు నిలిచింది. ఒకరోజు చిట్టి బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉండగా ముందు తలుపులోంచి పెద్దమ్మ ఎక్కింది. కండక్టరు టికెట్టు చింపుతుంటే ఆవిడ అతని కళ్ళ కింద నల్లటి చారలు చూసింది. ఇంకేముంది.

"సాఫీగా అయిందా నాయనా?"

కండక్టరు చెయ్యి ఆగిపోయింది. "ఎక్కడండీ? బండి ఆగితేనా నేను వెళ్ళేది? మూడు స్టాపులకోసారి గుర్తొస్తుంది, నాలుగో స్టాపుకి మరిచిపోతాను" అన్నాడు. ఎన్నాళ్ళనుంచి ఎవరు అడుగుతారా అని చూస్తున్నాడో! అతను చెప్పుకుంటూ పోతుంటే ముందు నుంచి డ్రైవరు తల తిప్పకుండానే, "అమ్మా, అది అయ్యాక నన్నూ ఓసారి అడగండి" అని కేకేశాడు. బస్సు బస్సంతా గొల్లుమంది.

చిట్టికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ తనని చూసింది, మొహం విప్పారింది, పిలవడానికి చెయ్యెత్తింది. పక్క సీట్లో ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "మీవాళ్ళా అండీ? మిమ్మల్నే చూస్తోంది" అంది.

"కాదండీ, ఎవరో! నాకు తెలీదు" అనేసి చిట్టి కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టింది. బయట చూడ్డానికి ఒక గోడ తప్ప ఏమీ లేదు. అయినా కళ్ళు తిప్పకుండా ఆ గోడనే చూసింది. ఎత్తిన చేత్తో పెద్దమ్మ జుట్టు సర్దుకోవడం మాత్రం కిటికీ అద్దంలో కనబడింది.

మర్నాడు క్లాసులో పెద్దమ్మ కోపంగా లేదు. ప్రశ్న అడగడానికి వేలు చూపించి, "కిటికీ పక్కమ్మాయ్, నువ్వు చెప్పు" అంది. చిట్టి కూర్చునేది గోడ వారగా. ఆ గోడకి కిటికీ లేదు. క్లాసంతా వెతికి చూసినా ఆ దరిదాపుల్లో కిటికీ కనబడలేదు. ఆ రోజు మొదలు చిట్టికి కాలేజీలో అదే పేరు. మెట్ల మీద కనబడినా కిటికీ పక్కమ్మాయే, పంపు దగ్గర కనబడినా కిటికీ పక్కమ్మాయే. ఆ పిలుపు విన్నప్పుడల్లా చిట్టి చెవులు వేడెక్కేవి. వెళ్ళి ఓ మాట చెప్పుకుందామంటే నోరు పెగిలేది కాదు.

పాఠం చెప్పడంలో మాత్రం సాఫీ మేడానికి సాటి లేరు. రోగి పరీక్షకి ఆవిడ దగ్గర ఒక ప్లాస్టిక్ బొమ్మ ఉండేది. దాని కుడి చెయ్యి గట్టిగా పట్టుకుంటే ఊడి వచ్చేది. "ఊడొచ్చేలా పట్టుకుంటే బొమ్మది తప్పు కాదు, మీది" అనేది. బొమ్మ దగ్గరకి వెళ్ళే ముందు మంచం మీద తట్టాలి. మన పేరు చెప్పాలి. ఎందుకొచ్చామో చెప్పాలి. రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకోవాలి. ఇవేవీ చెయ్యకుండా బొమ్మని ముట్టుకుంటే, బొమ్మ తరఫున ఆవిడే కెవ్వుమనేది. వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళు ఆ కేకకే లేచేవాళ్ళు.

"ఎలా ఉందండీ?" అని ఒకమ్మాయి బొమ్మని అడిగేది.

"ఏమో తల్లీ, ఒళ్ళంతా ఒకలాగుంది" అనేది మేడం బొమ్మ గొంతుతో.

"సరేనండీ" అని ఆ అమ్మాయి వెనుదిరిగేది.

"సరేనా? ఒకలాగంటే ఎలాగో అడగవే? నొప్పా, మంటా, తిప్పా, బరువా? ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, ఏం చేస్తే తగ్గుతోంది? అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగందే రోగీ చెప్పడు!"

పొట్ట పరీక్షకి ఒక వరుస ఉంది: చూడు, విను, తట్టు, నొక్కు. ముందే నొక్కితే పేగులు బెదిరి లేనిపోని చప్పుళ్ళు చేస్తాయని ఆ వరుస. ఈ నాలుగూ ఆవిడ చప్పట్లు కొట్టి పాటలా వల్లె వేయించేది. తట్టడం నేర్చుకోవడానికి కనబడిన ప్రతిదీ తట్టమనేది. "గాలి ఉన్న డబ్బా డబడబమంటుంది. నీళ్ళు నిండిన బిందె దబ్బుమని ఊరుకుంటుంది. పొట్టా అంతే." దాంతో హాస్టల్లో బీరువాలు, తలుపులు, నిద్రపోతున్న స్నేహితురాళ్ళ వీపులూ అన్నీ మోగేవి. చిట్టి ఇందులో దిట్ట. కళ్ళు మూసుకుని తట్టి, బిందెలో నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో గీత గీసి చూపించేది.

అసలు చిక్కు నోటి దగ్గరే. బొమ్మ ముందు నిలబడి, రావలసిన ప్రశ్న రాగానే చిట్టికి గొంతులో వెలక్కాయ పడేది.

"మరి... అదీ... అయిందా అండీ?"

"ఏది?" అనేది బొమ్మ గొంతు.

"అదేనండీ."

"అదంటే?"

"అదంటే... అదే!"

"చూడు కిటికీ పక్కమ్మాయ్" అని మేడం సొంత గొంతులోకి వచ్చేది. "నువ్వు 'అది' అంటే ఆయన 'ఆఁ, అయింది' అంటాడు. ఏదయింది? భోజనమా, స్నానమా, కూతురి పెళ్ళా? 'అది' అనే అవయవం ఏ పుస్తకంలోనూ లేదే! మూత్రం అను. విరేచనం అను. నోరు కాలదు."

క్లాసంతా నవ్వేది. చిట్టి సిగ్గుతో చితికిపోయేది. అందులో సగం సిగ్గు ఆ మాటలకి. మిగతా సగం, ఇంత పబ్లిగ్గా ఆ మాటలనే మనిషి తన పెద్దమ్మ అయినందుకు.

ఇలా ఉండగా ఆస్పత్రిలో మగవాళ్ళ వార్డులో డ్యూటీలు పడ్డాయి. ఎనిమిది మంది అమ్మాయిలకి తలా కొన్ని మంచాలు. చిట్టి వాటాకి వచ్చిన చివరి మంచం మీద, కాలికి కట్టుతో, చేతిలో పేపరుతో, చిన్నప్పుడు ఆమెకి లెక్కలు చెప్పిన మాస్టారు పడుకుని ఉన్నాడు.

బడిలో ఆయనంటే హడలు. పిల్లలు చిటికెన వేలు ఎత్తి "ఒకటికి, మాస్టారూ" అంటే, "ముందు లెక్క చెప్పి వెళ్ళు" అనేవాడు. లెక్క తేలేది కాదు, పని ఆగేది కాదు. ఆ రోజుల్లో చిట్టి కాళ్ళు మెలివేసుకుని ఎన్ని భాగహారాలు చేసిందో!

"నువ్వు వెనక బెంచీ కదూ? పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయేదానివి" అన్నాడు మాస్టారు కళ్ళజోడు మీదుగా చూసి.

"అవును మాస్టారూ" అంది చిట్టి, పదమూడో ఎక్కం ఇప్పుడు అడుగుతాడేమోనని బితుకుబితుకుమంటూ.

మాస్టారు మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వెన్నులో మత్తు సూది వేసి ఆపరేషన్ చేశారు. మూత్రానికి పెట్టిన గొట్టం ఆ తెల్లవారుజామునే తీసేశారు. మత్తు సూది తరవాత ఒక్కొక్కరికి మూత్రం బిగుసుకుపోతుంది. అందుకని వార్డు సిస్టరు చిట్టిని పిలిచి, "గొట్టం తీశాక పాసయిందో లేదో కనుక్కుని నాకు చెప్పు. మరిచిపోకు" అంది.

చిట్టి మంచం మీద తట్టింది. చేతులు రుద్దుకుంది. జ్వరం చూసింది, నాడి పట్టింది, రక్తపోటు చూసింది. అన్నీ పద్ధతిగా చేసింది. ఇక మిగిలింది ఆ ఒక్క ప్రశ్న. తనకి చెవి మెలిపెట్టి లెక్కలు నేర్పిన మనిషిని ఏమని అడుగుతుంది? దిండు సర్దింది. దుప్పటి సర్దింది. సర్దడానికి ఇంకేమీ మిగల్లేదు. చివరికి కిందికి చూస్తూ, సిస్టరు మాటలోంచి అసలు ముక్క మింగేసి, తోక మాత్రం బయటపెట్టింది.

"మాస్టారూ, మరి... పాసయిందా?"

మాస్టారి మొహం దీపంలా వెలిగింది. "పాసయిందమ్మా! ఫస్టు క్లాసు!"

"ఫస్టు క్లాసా?"

"మొదట్లో కొంచెం భయపెట్టింది. అవుతుందో కాదో అని నేనూ కంగారుపడ్డాను. చివరికి ఏ ఇబ్బందీ లేకుండా గట్టెక్కింది. పొద్దున్నే మా చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాను."

ఇక్కడ అసలు సంగతి చెప్పేయాలి. మాస్టారి మనవరాలి పరీక్ష ఫలితాలు ఆ ఉదయమే వచ్చాయి. ఆయన చేతిలో పేపరు అందుకే ఉంది. మన భాషలో పిల్ల పాసైనా పాసయిందే, మూత్రం పాసైనా పాసయిందే. ఆ రెంటికీ మధ్య తేడా తెలియాలంటే ఎవరో ఒకరు నోరు విప్పి పేరు చెప్పాలి.

చుట్టాలకి ఫోన్లు చేసి చెప్పేంత సంగతా ఇది అని చిట్టికి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పెద్దవాళ్ళకి అన్నీ సంబరాలే కాబోలు అని సరిపెట్టుకుంది. ఇంకో ప్రశ్న వేస్తే అనుమానం తీరును. కానీ ఇంకో ప్రశ్న వెయ్యాలి కదా! బతుకుజీవుడా అని అక్కణ్ణుంచి పరుగున వెళ్ళి, "పాసయిందట సిస్టర్" అని చెప్పేసింది.

మధ్యాహ్నానికి మాస్టారు భోజనం వద్దన్నాడు. పక్క మంచం ఆయన దగ్గితే, "ఆ దగ్గు ఆపవయ్యా!" అని కసిరాడు. ఫ్యాను కింద చెమటలు పోశాయి. రక్తపోటు పొద్దుటికంటే పెరిగింది. చిట్టి అన్నీ చూసింది. ఎండ ఎక్కువగా ఉందనుకుంది, నొప్పి వల్లనేమో అనుకుంది. పొద్దున్న అడిగిన ప్రశ్న సరిగ్గా అడగలేదని మనసులో ఓ మూల నుంచి ఎవరో గొణుగుతూనే ఉన్నారు. ఆ మూలకి చిట్టి వెళ్ళలేదు.

అప్పుడు వార్డు గుమ్మంలో సాఫీ మేడం గొంతు వినిపించింది. "సాఫీగా అయిందా?"

ఆ ప్రశ్న గుమ్మం ఊడుస్తున్న ఆయాకి. తరవాత మొదటి మంచం ఆయనకి. తరవాత ఆయన భార్యకి. ఆ తరవాత, చూసి వెళ్ళడానికి పళ్ళ సంచీతో వచ్చిన ఆయన తోడల్లుడికి.

"నాకెందుకమ్మా? నేను చూడ్డానికొచ్చాను" అన్నాడు తోడల్లుడు బిత్తరపోయి.

"చూడ్డానికొచ్చినవాళ్ళకి పొట్టలుండవా?"

వార్డంతా నవ్వులు. రౌండ్లకి వచ్చిన కుర్ర డాక్టరు ఆవిణ్ణి చూసి వెనక్కి తిరగబోయి దొరికిపోయాడు. "ఏం డాక్టరుగారూ, సాఫీగా అయిందా?" "అ... అయింది మేడం." "మొహం అలా లేదే!" ఇంకా నవ్వులు. అయిదు మంచాలు దాటేసరికి వార్డులో మొహమాటమన్నది లేదు. ఎవరికి వాళ్ళే మొదలుపెట్టారు. "నాకు నాలుగు రోజులైందండీ, ఎవరూ అడగందే ఎలా చెప్పను?" అన్నాడొకాయన. "నాకు మంట" అన్నాడు ఇంకొకాయన. మేడం అందరివీ వింటూ, తలూపుతూ, మందు అవసరమైనవాళ్ళని సిస్టరుకి అప్పజెబుతూ వస్తోంది.

చివరి మంచం దగ్గర చిట్టి సిగ్గుతో కుంచించుకుపోయి నిలబడింది. దేవుడా, మాస్టారిని కూడా ఇలాగే అడుగుతుందా? అంతమందిలో!

"కిటికీ పక్కమ్మాయ్! ఈయన సంగతి చెప్పు."

రోగులందరూ కిటికీ వైపు చూశారు. చిట్టి ఉన్నది గోడ వైపు.

"పాసయిందండీ. ఫస్టు క్లాసులో" అంది చిట్టి, మాస్టారి మాటే అప్పజెబుతూ.

తోటి అమ్మాయిలు కిసుక్కుమన్నారు. మేడం నవ్వలేదు. మాస్టారి నుదుటి మీద చెమట చూసింది. బిగించిన దవడ చూసింది. దుప్పటిని పిడికిట పట్టుకున్న చెయ్యి చూసింది. ఏమీ అడగలేదు. మంచం చుట్టూ తెర లాగింది. లోపల మాస్టారు, ఆవిడ, చిట్టి మిగిలారు.

తెర పడగానే ఆవిడ గొంతు మారిపోయింది. అంత మెత్తగా మాట్లాడగలదని కాలేజీలో ఎవరికీ తెలియదు. "మాస్టారూ, నేను ఈ పిల్లలకి పాఠం చెబుతాను. మీ పొట్ట ఓసారి చూడనిస్తారా?" ఆయన తలూపాడు. "చేతులు వెచ్చబెట్టుకో" అంది చిట్టితో.

చూస్తే బొడ్డు కింద ఉబ్బెత్తుగా ఉంది. చెవిగొట్టం పెట్టి వింటే పేగుల చప్పుళ్ళు మామూలుగానే ఉన్నాయి. చిట్టి వేలు ఆనించి తట్టింది. పైన డబడబ. ఇంకొంచెం కిందికి వచ్చింది. దబ్. ఇంకా కిందికి. దబ్. హాస్టలు బిందెల మీద వందసార్లు గీసిన గీత మాస్టారి బొడ్డు దాకా ఉంది. నొక్కడానికి చెయ్యి ఆనించీ ఆనించకముందే ఆయన పళ్ళు కొరుక్కున్నాడు. చిట్టి చెయ్యి తీసేసింది. పెద్దమ్మ వైపు చూడలేకపోయింది.

"నిండుకుండ తొణకదు" అంది పెద్దమ్మ చిట్టికి మాత్రమే వినబడేలా.

తరవాత మాస్టారి వైపు తిరిగి, ఒక్క మాటయినా అనకుండా, తన చిటికెన వేలు ఎత్తి, కనుబొమ్మలు ఎగరేసింది.

మాస్టారు ఆ వేలు చూశాడు. అన్నేళ్ళ కొలువులో ఎన్ని వేళ్ళు చూసుంటాడో! చిట్టి వైపు చూశాడు. తెర వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "నా దగ్గర చదువుకున్న పిల్ల నా సీసా మొయ్యాలా అని..." అని గొణిగాడు. ఆ తరవాత, పొద్దుట్నుంచి దుప్పటిని బిగించిన చెయ్యి మెల్లగా వదులు చేసి, మాస్టారు చిటికెన వేలు ఎత్తాడు.

చిట్టి ఏ లెక్కా అడగలేదు. "వెళ్ళండి మాస్టారూ" అంది.

ఆ తరవాత అంతా చకచకా జరిగిపోయింది. మగ అటెండరు వచ్చి మాస్టారిని మంచం అంచున కూర్చోబెట్టి సీసా అందించాడు. మేడం, చిట్టి తెర బయటికొచ్చారు. మేడం మూలనున్న కొళాయి బారుగా విప్పింది. నీటి చప్పుడు వింటే బిగుసుకున్నది వదులవుతుందట. అది చాలదన్నట్టు, అమ్మాయిల మీద విరుచుకుపడింది. "ఏం నవ్వుతున్నారే నిలబడి? పొట్ట పరీక్ష వరుస చెప్పండి! గట్టిగా!"

"చూడు! విను! తట్టు! నొక్కు!"

"ఇంకా గట్టిగా! చప్పట్లతో!"

ఎనిమిది మంది చప్పట్లు కొడుతూ అరిచారు. వార్డు దద్దరిల్లింది. నాలుగు రోజులైందన్నాయన ఉత్సాహపడి గొంతు కలిపాడు. తోడల్లుడు కూడా పళ్ళ సంచీ పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఆ గోలలో తెర వెనక ఏ చప్పుడైనా ఎవరికీ వినబడే అవకాశం లేదు. గోల ఎందుకో చిట్టికి అప్పుడు తెలిసింది.

కాసేపటికి తెర వెనకనుంచి ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. "తీసివేత అయింది" అన్నాడు మాస్టారు.

"శేషం?" అంది మేడం.

"సున్నా."

అయినా ఆవిడ నమ్మలేదు. చిట్టిని మళ్ళీ లోపలికి పంపి తట్టించింది. పైనుంచి కిందిదాకా డబడబ.

వార్డు సిస్టరు మండిపడుతూ వచ్చింది. "ఇంకాస్త ఆలస్యమైతే మళ్ళీ గొట్టం వెయ్యాల్సొచ్చేది. పెద్ద వయసు, కిడ్నీలకి చేటు. పొద్దున నాకు పాసయిందని చెప్పిందెవరు?"

వార్డు సిస్టరుకి ఎనిమిది తెల్ల యూనిఫారాలూ ఒక్కలాగే కనబడతాయి. చిట్టి నోరు తెరిచేలోపలే సాఫీ మేడం అందుకుంది. "ఎవరో ఒకరేంటి సిస్టర్? వీళ్ళందరూ అంతే! నోట్లో నాలుకలు అద్దెకిచ్చారు! ఒక్కదానికీ మనిషిని మనిషిలా అడగడం రాదు!" అని వరసగా ఎనిమిది మందినీ దులిపేసింది. ఎవరి వాటా వాళ్ళకి సమానంగా ముట్టింది.

"నేనేం చేశానండీ?" అంది చివరమ్మాయి ఏడుపు మొహంతో.

"చెయ్యబోయేదానికి అడ్వాన్సు!"

చిట్టికి ఒక్కసారిగా వెలిగింది. ఇదే గదా పెద్దమ్మ ఇందాక వార్డులో చేసింది! అందర్నీ అడిగితే ఎవర్నీ అడిగినట్టు కాదు. అందర్నీ తిడితే ఎవర్నీ తిట్టినట్టు కాదు. చెప్పుకోలేనివాడొకడు ఉంటాడని ఊరందరినీ అడుగుతోంది. వాచ్‌మన్‌నీ, కండక్టర్నీ, పళ్ళు తెచ్చిన తోడల్లుణ్ణీ. ఆ ఒక్కడి సిగ్గు ఎవరికీ కనబడకుండా, సిగ్గులేని మనిషినన్న పేరు తనే మోస్తోంది. అలాంటి మనిషిని బస్సులో 'ఎవరో' అనేసింది తను! పొట్ట ఉబ్బిన మాస్టారు, జుట్టు సర్దుకున్న పెద్దమ్మ, ఇద్దరూ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చారు. ఇన్నాళ్ళూ పడ్డ సిగ్గంతా ఈ సిగ్గు ముందు దిగదుడుపే.

"నేనేనండీ" అంది చిట్టి ముందుకొచ్చి. "సరిగ్గా అడగలేదు. మా మాస్టారని సిగ్గేసింది."

సిస్టరు నాలుగు మాటలు అని, తప్పు ఒప్పుకుంది కదా అని వెళ్ళిపోయింది. మేడం చిట్టిని పక్కకి తీసుకెళ్ళింది.

"సిగ్గు ఎవరిది? నీదా, ఆయనదా?"

"నాదే."

"నీ సిగ్గు తీసుకెళ్ళి ఆయన పొట్టలో దాచావే తల్లీ. దాచుకోవడానికి నీకు వేరే చోటు దొరకలేదా?"

చిట్టి తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు మాస్టారు తెర కొంచెం తప్పించి, "వెనక బెంచీ! ఇలా రా. పొద్దున తప్పు చేసిన లెక్క మళ్ళీ చెయ్యి" అన్నాడు.

చిట్టి వెళ్ళింది. మంచం మీద తట్టింది. మాస్టారి కళ్ళలోకి చూసింది. వార్డంతా వింటోందని తెలుసు.

"మాస్టారూ, మూత్రం పాసయిందా?"

"పాసయింది."

"ఏ క్లాసు?"

"డిస్టింక్షన్!" అన్నాడు మాస్టారు. వార్డు చప్పట్లు కొట్టింది. తోడల్లుడు ఆ సంతోషంలో పళ్ళు పంచాడు.

సాయంత్రం చిట్టి బస్సెక్కేసరికి పెద్దమ్మ ఒక్కతే కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉంది. చిట్టిని చూసి, ఎప్పటిలాగే చూడనట్టు తల తిప్పుకోబోయింది, పాపం, ఇచ్చిన మాట ప్రకారం. తోటి అమ్మాయిలు నలుగురు వెనకాలే ఎక్కారు. కండక్టరు టికెట్లు చింపుతున్నాడు. అతని కళ్ళ కింద చారలు తగ్గాయి.

చిట్టి గుండెనిండా గాలి పీల్చుకుంది. బస్సు ఈ చివరినుంచి ఆ చివరికి వినబడేలా పిలిచింది. "పెద్దమ్మా!"

తోటి అమ్మాయిలు నోళ్ళు తెరిచారు. పెద్దమ్మ ఉలిక్కిపడింది. చిట్టి దూసుకుంటూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఊరందరినీ అడుగుతున్న ఈ మనిషిని ఎవరైనా, ఎప్పుడైనా తిరిగి అడిగారా? అందుకని అదే గొంతుతో అడిగింది.

"పెద్దమ్మా, నీకు సాఫీగా అయిందా?"

బస్సంతా ఇటు తిరిగింది. డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. జీవితంలో మొదటిసారి సాఫీ మేడం మొహం చెవుల దాకా ఎర్రబడింది. చీర కొంగు సర్దుకుంది.

ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి నవ్వుతూ, "మీ అమ్మాయా అండీ?" అంది.

"కాదండీ, ఎవరో! నాకు తెలీదు" అనేసి పెద్దమ్మ గబుక్కున కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టింది. బయట అదే గోడ. అద్దంలో మాత్రం ఆవిడ నవ్వు ఆపుకోలేకపోవడం చిట్టికి కనబడుతూనే ఉంది.

బస్సు కదిలాక, కొంగు చాటునుంచి ఒక చెయ్యి వచ్చి చిట్టి చేతిని గట్టిగా పట్టుకుంది. కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే పెద్దమ్మ గొణిగింది.

"రెండు రోజులైందే. నెమ్మదిగా అడగలేవూ?"